చేతులు వెనక్కి

రాప్తాడు దాటినాక హైవే పక్కన
కార్ల బంపర్లకు రంగు కొట్టే ఫ్యాక్టరీలో
నాది కాగితాల పని.
మనుషుల్ని ఈ దేశంలో నిలబెట్టే కాగితాలు.

ఆయన ఇంటిపేరు బే.
మొదటి రోజు గేటు కాడ సెక్యూరిటీ వాళ్లు పొట్ట పట్టుకున్నారు.
బే గారు అంటే
తిట్టి, ఆ తిట్టుకు దండ వేసినట్టుంటుంది గదా.
అందుకే కొరియా నుంచి వచ్చినాయన
మా అందరికీ రంగుల సారు.

వీసా ఆగస్టుకు అయిపోతుంది.
తెల్లకాగితం అడ్డంగా పెట్టి నడిమధ్య గీత గీసినా.
ఈ పక్క ఉద్యోగ వీసా, ఆ పక్క బిజినెస్ వీసా.

ఉద్యోగ వీసాకు జీతం చూపించాల, పన్ను చూపించాల,
సాయినగర్ ఇంటి ఓనరమ్మ సంతకం తేవాల
(ఆమె ప్రతిసారీ కళ్లద్దాలు వెతుక్కుంటుంది, అరగంట),
అన్నిటికంటే ముందు
కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక వాక్యం:
ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ దొరకరు.

బిజినెస్ వీసాకు ఆ వాక్యం అక్కర్లేదు.
రావొచ్చు, కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, చూడొచ్చు.
పనిముట్టు పట్టుకోకూడదు.
పెండ్లికి పిలిచి, వంటసాలలోకి మాత్రం
రావద్దన్నట్టు.

ఆ వాక్యం ఇంతకు ముందు రెండుసార్లు రాసినా.
మొదటిసారి నిజమే.
అప్పట్లో వన్నూరప్ప గన్ను పట్టుకుంటే
బంపరు మీద రంగు ఏడ్చేది, ధారలు ధారలుగా.
రెండోసారి సగం నిజం.
ఇది మూడోసారి.
కర్సరు ఆ వాక్యం మొదట్లో నిలబడి
కొట్టుకుంటా ఉండాది, ముందుకు పోదు.

ఎందుకంటే మే నెలలో నేను చూసినా.
బయట నలభై మూడు.
రంగు గాల్లోనే ఎండిపోయి
బంపరంతా శెనక్కాయ తొక్క మాదిరి గరుకు.
సారు మీటరు తెచ్చేలోపల
వన్నూరప్ప గన్ను దగ్గర చెవి పెట్టి
"గాలి ఎక్కువైంది సార్" అని
నాబు అరచుట్టు తిప్పినాడు.
వాళ్ల నాయన శెనక్కాయల మిషను ఇట్లనే వినేవాడంట.
సారు మీటరు చూసినాడు.
మీటరు అదే చెప్పింది.
తర్వాతి బంపరులో నా ముఖం నాకు కనిపించింది,
ఆ రోజు బొట్టు వంకరగా పెట్టుకున్నానని కూడా.

కాగితం సారు ముందర పెట్టినా.
నాకు సగం ఇంగ్లీషు, ఆయనకు సగం.
రెండు సగాలు కలిస్తే ఒకటి కాదు.
వేలితో చూపించినా: ఈ గడిలో జీతం నిండుగా,
ఆ గడిలో సున్నా, వాళ్ల దేశం కంపెనీ ఇచ్చే భత్యం అంతే.
ఆయన ఆ అంకెల్ని దాటి లెటరు కాడికి పోయినాడు.
పెదాలు కదిలిస్తా చదివినాడు.
పెన్సిల్ అడిగినాడు.
దొరకరు అన్న చోట కింద గీత గీసి
పక్కన తెలుగులో, ఇంత లావు అక్షరాలతో
వనురప
అని రాసినాడు.
లాకరు మీద పేరు చూసి నేర్చుకున్నాడేమో.
ఒత్తులు లేవు.
ఒత్తులు నేర్పే పని తెలిసినవాళ్లు మాత్రం
ఇక్కడ దొరుకుతారు సార్, అన్నా నేను, తెలుగులోనే.
ఆయన తల ఊపినాడు, అర్థమైనట్టు.

అక్టోబరులో మళ్లీ వచ్చినాడు, గీతకు ఆ పక్క వీసా మీద.
ఖర్చు తగ్గిందని మేనేజరు మైసూరుపాకు పంచినాడు.
వన్నూరప్ప జీతం కాగితంలో
హెల్పరు అనే ఉండాది ఇంకా.
లెటర్‌హెడ్ తీసి రాసినా:
ఈ పని తెలిసినవాడు ఇక్కడే ఉన్నాడు.
ఏ ఆఫీసూ అడగని వాక్యం.
ఎవరికి అన్న చోట ఏం రాయాల్నో తెలీక
సొరుగులో పెట్టినా.

గాజు వెనక సారు నిలబడి ఉన్నాడు,
చేతులు వెనక్కి కట్టుకుని,
ఒక చెయ్యి ఇంకో చేతి మణికట్టును గట్టిగా పట్టుకుని.
లోపల వన్నూరప్ప చెయ్యి బంపరు వంపు మీద పోతా ఉంటే
వెనక ఆ వేళ్లు
కొంచెం, రూలుకు కనపడనంత కొంచెం,
కదులుతా ఉండాయి.