చద్ది జవాబు

యార్క్‌లో రాత్రి రెండుంబావు.
దిండు కింద ఫోను గుర్రుమంది.
ఊజ్ నది మట్టం చెప్పే మా సైటు
నోరు తెరిచి, పలకడం మానేసింది.

డేటాబేసుకి నూరే కనెక్షన్లు.
ఆ అంకె వేసింది నేనే, రెండేళ్ళ కిందట,
ఏరు అడుగంటిన ఒక జులై మధ్యాహ్నం
టీ చల్లారేలోపు.
నూరు చాలదా ఏమిటి, అనుకున్నాను.

ఇప్పుడు గుమ్మంలో ముప్పై ఒక్క వేలమంది.
అందరిదీ ఒకటే ప్రశ్న: ఎంత ఎత్తు?

పది సెకన్లు చూస్తారు. తెల్లటి తెర.
మళ్ళీ నొక్కుతారు.
వదిలేసిపోయిన ప్రశ్న మాత్రం లోపలే ఉంటుంది,
కుర్చీ ఖాళీ చెయ్యదు.
దాని జవాబు వచ్చేసరికి
అందుకునే చెయ్యి ఉండదు.

నేను చేసిన మొదటి పని తప్పు.
నూరుని ఐదొందలు చేశాను,
పెద్ద మనసనుకుని.
నలభై సెకన్లు.
ఐదొందల విస్తళ్ళు, ఒకటే గరిట.
ఎవరికీ మెతుకు పడలేదు.

మోరీన్ హెప్‌వర్త్‌ని లేపాను.
లేపలేదు, మెలకువగానే ఉంది.
"అరవైకి దించు," అంది.
"దించాలా?"
"దించు. చోటు లేకపోతే లేదని వెంటనే చెప్పు.
లేదనకుండా నిలబెడతావు చూడు, అదీ పాపం."
వెనకాల బకెట్టు రాతిమీద ఈడ్చిన చప్పుడు.
ఆవిడ ఇంటి నేలమాళిగలోకి ఏరు వచ్చేసింది.
ఆ సంగతి ఆవిడ చెప్పలేదు.

దించాను.
అరవైమంది వచ్చారు, అడిగారు, వెళ్ళారు.
తక్కినవాళ్ళకి రెండు సెకన్లలో
"కాసేపాగి రండి."
ఎంత మర్యాదగా రాసినా
ఆ వేళప్పుడు అది తలుపు మొహాన వేయడమే.

అప్పుడు తట్టింది.
గేజి మాట్లాడేది పావుగంటకోసారి.
మధ్యలో లక్షసార్లడిగినా ఏరు కొత్తగా చెప్పేదేముంది?
ఒక్కసారి వండి, మూటగట్టి, గుమ్మంలోనే పెట్టాను:
నాలుగు మీటర్ల అరవై రెండు.
పక్కన వేళ కూడా రాశాను, రెండూ నలభై ఐదు.
చద్దిని వేడిదని అమ్మకూడదు కదా.

ఎవరూ లోపలిదాకా రానక్కర్లేకపోయింది.
తెరమీద ఎర్రగీత మెల్లిగా
మంచం దిగిన జ్వరంలా.

లాగ్‌లో ఒకే చిరునామా,
అర్ధరాత్రి నుంచి ఆరు సెకన్లకోసారి అడుగుతోంది.
అన్నీ సర్దుకున్నాక కూడా అడుగుతూనే ఉంది.
మూడున్నరకి డెబ్బై ఒకటి పడింది.
ఆ చిరునామా ఆగిపోయింది.
పడుకున్నారో,
పిల్లల్ని మేడమీదికి మోస్తున్నారో.
లాగ్‌లో అది ఉండదు.

మోరీన్‌కి ఫోన్ చేశాను.
మోగి మోగి ఆగింది.
రెండు చేతులూ బకెట్టుకే ఉండి ఉంటాయి.
మళ్ళీ చెయ్యలేదు.
తెల్లారేదాకా
నా లైను ఎవరికీ ఇవ్వకుండా
ఖాళీగా ఉంచాను.