వడపోత కాగితం

పొద్దున ఆరింటికి, బాలానగర్‌లో
మూడంతస్తుల బడి డాబా ఎక్కుతాను.
రాత్రంతా ఊరి గాలిని పీల్చి పీల్చి
నా యంత్రం ముసలి ఎద్దులా రొప్పుతుంటుంది.
మూత తీసి, పటకారుతో
నిన్న పెట్టిన తెల్ల కాగితాన్ని
నల్లగా వెనక్కి తీసుకుంటాను.
రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది.
తెలుపును ఎక్కించడం, నలుపును దించడం,
తేడాను తూచడం.
దీనికి జీతమిస్తారు.

ఎండాకాలం కాగితం ఇటుకరంగు, రోడ్డు దుమ్ము.
వానల్లో వచ్చేది దాదాపు ఉత్తదే.
డిసెంబరుది వాసన చూస్తే తెలుస్తుంది.
చూడకూడదని రూలు.
చూస్తాను.
తుమ్మది ఒక వాసన, వేపది ఒకటి,
సెంట్రింగ్ చెక్క కాలితే
జిగురూ డీజిలూ కలిసి గొంతులో చేదు.

చలి ఈ ఊరికి కొత్త చుట్టమేం కాదు,
కానీ ఏ ఇంట్లోనూ దానికి పీట వెయ్యలేదు.
మన గోడలు ఎండను తలుచుకొని కట్టుకున్నవి.
అందుకే ఆ నెలన్నర
గేటు పక్క, ఆటోస్టాండులో, సెల్లార్‌లో
ఎవరికి దొరికింది వాళ్లు ముట్టిస్తారు.
పైన వెచ్చటి గాలి మూత పెడుతుంది.
ముసుగు కింది దగ్గులా పొగ
లేవలేక, ఇళ్ల ఎత్తులోనే తిరుగుతుంది.

ఆగస్టులో, సుచిత్ర దాటాక
రోడ్డు పక్క చెట్లకు సున్నంతో నంబర్లేశారు.
రెండు వందల పద్నాలుగు, వేప.
బస్సు కోసం నేను నిలబడే నీడ.
అక్టోబరుకి అక్కడ ఎండే ఉంది.
నవంబరులో దస్తగిరి సాబ్ అడితిలో
దుంగల మధ్య 'పద్నాలుగు' ఒక్కటే కనబడింది.
రెండును రంపం తిన్నట్టుంది.
"పచ్చిగుంది సార్, పొగెక్కువ. సస్తాల ఇస్తున్న" అన్నాడు.
క్వింటాలెంతని అడిగాను.
ఎందుకడిగానో.

ఇంకో సంగతి కూడా రాయాలి.
మా ఇంట్లో గీజరుంది.
స్విచ్చి నొక్కితే నీళ్లు కాగుతాయి, పొగ రాదు.
అది రామగుండంలోనో పాల్వంచలోనో
ఇంకెవరి కాగితం మీదో పడుతుంది.

బడికెదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటు:
ఎనిమిది అంతస్తులు, తలుపు ఒక్కటీ లేదు.
సెల్లార్‌లో కాపలా హుస్సేనప్ప, భార్య తిప్పమ్మ,
నారాయణపేట దిక్కునుంచి వచ్చారు.
బిడ్డ పుట్టి ఇరవై రెండు రోజులు.
బాలింత కాళ్లకాడ
సిమెంటు మోసే తట్టలో మంట.

నోటీసివ్వడానికి పోయాను.
"సదివి చెప్పు సారూ."
చదివాను.
"మంట వద్దంటుందమ్మా."
"మరి సలిని వద్దన్న కాయిదం లేదా?"

నా సంచిలో లేదు.
"కూసో, వణుకుతున్నవ్" అని
సిమెంటు బస్తా జరిపింది.
చేతులు చాచాను.
తట్టలో ఒక మొద్దు మీద సున్నపు గీత,
నాలుగు అంకెలో ముక్కో,
ఎవరో చెయ్యి తుడుచుకున్న మరకో.
అది కాలేదాకా చూశాను.
నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి కాగితం నెలలోకెల్లా నల్లటిది.
తూస్తే, తేడా ఒక ఆవగింజ.
అందులో పాప వెచ్చదనం ఎంత,
నా చేతులది ఎంత, నా నీడది ఎంత,
తూనిక చెప్పదు.
'మూలం' అన్న గడిలో 'చలి' అని రాసి
కొట్టేసి
'కట్టెలు' అని రాశాను.

మరునాడు డాబా మీద
కొత్త కాగితం పటకారుతో పట్టుకున్నానో లేదో
ఎదుటి సెల్లార్‌లోంచి ఒక దగ్గు,
పిచ్చుక తుమ్మినంత.
మళ్లీ వినబడుతుందేమోనని
కాసేపు
యంత్రం వెయ్యకుండా నిలబడ్డాను.