చేంతాడు

దిండిలో, వశిష్ఠ గట్టున, రిసార్టు వరండాలో
సాయంత్రం నాలుగున్నరకి క్లాసు.
మనిషికి పదకొండు వందలు, పల్లీలు ఉచితం.
కరెంటాఫీసు నుంచి ముగ్గురం ఆడవాళ్ళం,
ఎల్టీసీ మురిగిపోతుందని బయల్దేరినవాళ్ళం,
నోటుపుస్తకాలు తెరుచుకుని కూచున్నాం.
రజియా తాగదు. నిమ్మకాయలు కోస్తానంది.

మాస్టారి పేరు జోయెల్. మలికిపురం కుర్రాడు.
ఏడేళ్ళు ఓడ మీద, బారు వెనక నిలబడి
సముద్రం ఎంత ఊగినా చుక్క ఒలకకుండా పొయ్యడం నేర్చాడట.
"టెకీలా అంటే ముందు మొక్కండీ, తర్వాతే మందండీ. ఆయ్"
అని ఫోను మా వైపు తిప్పాడు.

బూడిద పూసుకున్న నీలం మట్టలు,
అంచుల వెంట రంపప్పళ్ళు,
కొసన సూది.

అప్పా, ఇది కిత్తనార కదప్పా!

"కాదండీ, ఇది మెక్సికోదండీ."
కావచ్చు.
పెదనాయన కూతురయ్యుంటుంది.
ముక్కూ మొహమూ మా ఇంటివే.

కళ్యాణదుర్గం దోవలో మా చేనికి అదే కంచె.
మేక మూతి పెట్టదు,
వాన రాలేదని అది అలిగిందీ లేదు.
మా నాయన తిప్పేస్వామి మట్టలు కోసి
వంకలో గుంత తీసి నానేసేవాడు.
పది దినాలకి ఊరు ముక్కు మూసుకునేది.
మోచేతుల దాకా దురద, ఆముదం రుద్దుకుని
రాత్రుళ్ళు తాళ్ళు పేనేవాడు.
పగ్గాలకి గిరాకీ తక్కువ. చేంతాళ్ళే.
ఏటేటా ఇంకో రెండు బారలు పెంచమనేవాళ్ళు,
బావిలో నీళ్ళు కిందికి నడుస్తున్నాయని.

మొదటి గ్లాసు తెల్లది.
నోరు కొంచెం తెరిచి, ముక్కుతో పీల్చమన్నాడు.
ఏం వాసనండీ?
వసుంధర మిరియాలంది.
హైదరాబాదు జంట వెనీలా అన్నారు, ఎక్కడో చదివినట్టు.
నా వంతొచ్చింది.
నానిన గుంత అని ఎట్ల చెప్పేది?
"తాడు" అన్నాను.
జోయెల్ నవ్వలేదు. బోర్డు మీద రాశాడు,
మిరియాల కింద, వెనీలా కింద: తాడు.

ఎనిమిదేళ్ళు పెంచి, పూతకాడ లేచే ముందే
మట్టలన్నీ చెక్కేసి గుండె తీసుకుంటారట,
దాన్ని ఆవిరి మీద ఉడకేస్తారట.
మా వైపు దాని గుండెని ఎవరూ అడగలేదు.
మట్టలిస్తే చాలు.
అది ఒక్కసారి ఆకాశానికి పూసి, చచ్చిపోయేది.
నాయన తాగలేదనను, తాగాడు.
ఈ చెట్టుది కాదు.

గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి ఉప్పులో బోర్లించాలి.
పుల్లమామిడి తిన్నవాళ్ళకి దీనికో క్లాసా?
ఐసు వేసిన డబ్బాని భుజం దగ్గర ఆడించమంటే
వసుంధర మూత ఊడి
హైదరాబాదు చొక్కా తడిసింది.

"ఇప్పుడు సొంతంగా ఒకటి కలపండి."
తెల్లది కొంచెం, తాటిబెల్లం పాకం, పచ్చిమిర్చి చీలిక,
మిగతాదంతా కొబ్బరినీళ్ళు.
బొండాలు దించడానికొచ్చిన నూకరాజు
మోకు భుజాన్నుంచి తియ్యకుండానే చూస్తున్నాడు.
ఆ మోకు పట్టుకుని వేళ్ళతో నలిపాను.
"నైలానండీ" అన్నాడు.
అంతకు ముందు?
"ఏదో నారండీ. మా నాన్నకి తెలుసండీ."
ఒక గుక్కిచ్చాను. మొహం ముడిచాడు.
"దీనికింత తతంగమా అండీ?
మా చెట్టు తెల్లారేసరికి ఊరికినే ఇత్తాదండీ."

పేరేం పెడతారని జోయెల్ అడిగితే
చేంతాడు అన్నాను.
స్పెల్లింగు అడిగాడు హైదరాబాదాయన.

చీకటి పడ్డాక గ్లాసు కడుగుదామని మెట్లు దిగాను.
రెండో మెట్టు మీదే గోదారి.
చెయ్యి పెట్టాను, మణికట్టు దాకా మునిగింది.
ఎవరూ ఏమీ లాగక్కర్లేదు.
గ్లాసు ముంచాలనిపించలేదు చాలాసేపు,
అడుగున ఇంకా వాసనుంది.

పైనుంచి రజియా కేకేసింది,
కోసిన నిమ్మచెక్కలు ఇన్ని మిగిలాయి,
రేపు రైల్లోకి కట్టించమంటావా అని.