పద్నాలుగో చక్రం

మైనస్ తొమ్మిది డిగ్రీలు.
గ్రీజు పాతబెల్లంలా బిగుసుకుపోయింది.
డోమ్ కింద ముప్పైరెండు చక్రాల్లో
పద్నాలుగోది సాయంత్రం నుంచీ మూలుగుతోంది.

స్క్రూడ్రైవర్ మొన బేరింగ్‌కి ఆనించి
పిడికి చెవి ఆనిస్తాను.
కాలేజీలో ఎవరూ నేర్పని విద్య ఇది.
మా తాత అబ్రామ్ బ్యూకెస్
కారూ బీళ్లలో గొర్రెల దొడ్ల వెంట తిరిగి
గాలిమర పంపులు బాగుచేసేవాడు.
ఇనప గొట్టానికి చెవి పెట్టి
"నూట నలభై అడుగుల కింద తోలు వాషరు పోయింది" అనేవాడు,
పక్కింటి పిల్లకి జలుబు చేసిందన్నంత తేలిగ్గా.
పైకి లాగితే
పోయింది తోలు వాషరే.
ఒక్కసారి మాత్రం తప్పాడు.
ఆ సంగతి బతికున్నన్నాళ్లూ తనే చెప్పుకు తిరిగాడు.

ఈ రాత్రి రెండూ పదిహేడుకి
పేరు లేని, నంబరు మాత్రమే ఉన్న ఒక రాతిగుండు
ఓ నక్షత్రానికి అడ్డం వస్తుందట.
ఏడు సెకన్లు.
జోలీస్వా మూడేళ్లుగా కాసుక్కూచున్న ఏడు సెకన్లు.

రెండింటికి పది నిమిషాలుందనగా
డోమ్ మొండికేసింది.
మోటారు ఒక్కసారి బావురుమంది,
కాలిన వాసన,
ఆపైన ఉలుకూ పలుకూ లేదు.
వాకీటాకీలో జోలీస్వా: "ఎంతసేపు?"
ఇంజనీరుని అడగకూడని ప్రశ్న అదొక్కటే.
అందరూ అడిగేదీ అదే.

క్లచ్ విడదీసి చేతిమర తగిలించాను.
కాపలా ఖెర్ట్ స్లింగర్స్, అరవై రెండేళ్లు,
కుడి మోకాలు బాగాలేదు,
అడక్కుండానే వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు.
నలభై టన్నుల ఇనుము.
ఇరవై చుట్లకి ఒక డిగ్రీ.
మాకు పదకొండు డిగ్రీలు కావాలి.
దొడ్లోకి గొర్రెల్ని తోలుతున్నట్టు
పైకే లెక్కపెడుతున్నాడు ఖెర్ట్.
నూట అరవై దగ్గర తడబడి
మళ్లీ నూట యాభై నుంచి అందుకున్నాడు.
నేనేమీ అనలేదు.

చీలికలోకి నక్షత్రం వచ్చిందట.
"ఇక కదలొద్దు."
డోమ్ పునాది వేరు, టెలిస్కోపు పునాది వేరు అంటారు.
వణుక్కి ఆ సంగతి తెలియదు.
పిడి మీది చేతులు పిడి మీదే ఉంచి
వంగినవాళ్లం వంగినట్టే ఉండిపోయాం.
చెమట వీపు మీదే చల్లబడి గడ్డకడుతోంది.
పైన ఎక్కడో ఒక నక్షత్రం ఆరి, వెలిగింది.
మాకు కనబడింది మాత్రం
ఎదుటి గోడకున్న మంటలార్పే ఎర్రసిలిండర్,
దాని మీద
ఎప్పుడో మార్చిలో దాటిపోయిన గడువు తేదీ.

తాత పని, ఆగినవాటిని తిప్పడం.
నాదీ అదే అనుకుంటుంది మా అమ్మ.
ఎలా చెప్పను?
భూమి తిరుగుతూనే ఉంటుంది, ఎవర్నీ అడక్కుండా.
దానికి ఎదురు తిరిగి, తిరిగి,
ఒక్క చుక్కని ఉన్నచోట ఉంచాలి.
బాగా చేసిన రోజు
ఏమీ జరగనట్టే ఉంటుంది.

నాలుగింటికి జోలీస్వా కిందికి దిగింది,
చేతిలో కాగితం, కళ్లు ఉబ్బి.
పొడుగాటి గీత, నడుమ నిట్టనిలువు గుంట.
"చూడు, చూడు" అంటూ వేలు గుంట మీద పెట్టింది.
నేను గుంటకి అటూ ఇటూ ఉన్న
చదును గీతకేసి చూశాను.
చాలాసేపే చూశాను.
ఖెర్ట్ కాగితం తిరగేసి
వెనక ఏమైనా ఉందా అని చూశాడు.

తెల్లవారి కొండ దిగుతుంటే
కంచె అవతల ఎవరిదో గాలిమర
చుట్టుకొక్కసారి కీచుమంటోంది.
"తోలు వాషరు" అన్నాడు ఖెర్ట్, నా తాతని వెక్కిరిస్తూ.
అద్దం దించి విన్నాను.
కాదు. పై బేరింగ్.
ఒక కాఫీ పందెం.
బండి మట్టిదారిలోకి తిప్పాను.
స్క్రూడ్రైవర్ ఇంకా జేబులోనే ఉంది.