తరుగు

ఎనుమాముల మార్కెట్‌ల ఫిబ్రవరి అంటే
గాలిక్కూడ దగ్గొస్తది.
అడ్తి దుకాణం మీది గదిల
ఫర్హీను, నేను, రెండు కంప్యూటర్లు,
ముక్కులకు కట్టిన చున్నీలు.

గందె నాగభూషణం సేటుకు
బిల్లులు కొట్టే ప్రోగ్రాం రాస్తున్నం.
అందుల "తరుగు" అని ఒక ఇంటర్‌ఫేస్.
వట్టి మాట అది. ఒక ఒప్పందం.
బరువు నా చేతికియ్యి,
ఎంత తియ్యాల్నో చెప్త. అంతే దాని పూచీ.
ఎట్ల తీస్తదో చెప్పదు.

దసరాకు పత్తి వచ్చింది, పత్తి తరుగు రాసిన.
తేమ చూసి కోసేది.
ఇప్పుడు మిర్చి వచ్చింది, మిర్చి తరుగు రాసిన.
ఖాళీ బస్తా బరువు పక్కకు పెట్టేది.
బిల్లు క్లాసు మాత్రం ఎప్పటిలెక్కనే
చెయ్యి చాపి అడిగింది:
నాకొక తరుగు కావాలె.

ప్రోగ్రాం లేవలే.
ఎర్రక్షరాలు.
ఒక్కటి అడిగినవు, రెండు దొరికినయి,
ఏది ఇయ్యను?

రాత్రి పదకొండు. కాజీపేట దిక్కు పోయే ఆఖరి ఆటో
కింద హారన్ కొడుతున్నది.
పత్తి తరుగు నెత్తిమీద
"ఇదే పెద్దది" అని ఒక్క ముక్క రాసిన.
ఎర్రక్షరాలు పోయినయి.
ఎంత సుఖంగ పోయినయో!

తెల్లారి పదిన్నరకు
బాదావత్ సాలి మెట్లెక్కి వచ్చింది,
నర్సంపేట అవతలి తండా నుంచి.
పన్నెండు బస్తాల తేజ రకం,
చేతిల నలిగిన బిల్లు.
"నెలదాక కల్లంల ఎండవెట్టిన బిడ్డా,
మిర్పకాయల తేమ ఏడికెళ్ళొచ్చె?"

ఇరవై ఏడు కిలోలు.

సేటు పైకొచ్చి ఏమనలే,
కాల్కులేటర్ నా ముందటికి జరిపిండు.
యంత్రం తప్పు చెయ్యలే.
అది రాత్రే ఆగి అడిగింది.
నోరు మూయించింది నేను.

ఫర్హీన్ చేత్తోని కొత్త బిల్లు రాస్తుంటే
కిటికీ ఊచలు పట్టుకొని నిలబడ్డ.
కింద దడ్వాయి కేకేసిండు:
"సమ్మయ్యా!"
మూడు తలలు తిరిగినయి.
ఎవరూ కదల్లే.
మేడారం మొక్కుకు పుట్టినోళ్లు
ఈ యార్డుల ఎంతమందో.
ముగ్గురూ హమాలీలే, ముగ్గురివీ కాయగాసిన భుజాలే,
కాని ఒకడు కాంటాకాడ, ఒకడు లారీ మీద,
ఒకడు గోనె కుట్టే సూదితోని.
దడ్వాయి విసుక్కోలే,
నాలెక్క ఎవన్నో పెద్దోన్ని చెయ్యలే.
"సూది సమ్మయ్యా!"
ఒక్కడు లేచిండు.

పగటీలికి లారీ గుంటల దిగబడితే
"సమ్మయ్యలందరు రండ్రి" అన్నడు.
అదీ ఒక పిలుపే.

కూసున్న. పెద్దరికం తీసేసిన.
పత్తికి పత్తి అని, మిర్చికి మిర్చి అని
చీటీలు కట్టిన.
బిల్లు చెయ్యి చాపే కాడ
ఏ చీటీది కావాల్నో పేరువెట్టి రాసిన.
రెండు నిమిషాల పని.
రేపు పసుపు వస్తది.
చీటీ మరిస్తే మళ్ల ఆగుతది.
ఆగనీ.

చాయ్ పోరడు తలుపుకాడ నిలబడి
"మేడం" అన్నడు.
ఇద్దరం తిరిగినం.
వాని చేతిల ఒక్కటే గ్లాసు, అల్లం దంచి పోసింది.
నన్ను చూసి, ఆమెను చూసి,
"దగ్గు మేడం" అన్నడు.

గ్లాసు అందుకున్న.