పిండిబిళ్ళ

ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి చప్పుడు అదే,
వెండిరేకు చిట్లే చిన్న 'టప్'.
తర్వాతే కెటిల్, తర్వాతే రేడియోలో గోధుమల ధర.

ఒరీసియా హవ్రిల్యుక్, అరవై రెండు.
సస్కటూన్‌కి ఉత్తరాన, రైలుపట్టాలు దాటాక మూడో ఇల్లు.
"ఏ రోగమూ లేని ఆడవాళ్ళే కావాలి మాకు" అని రాస్తే
నవ్వుకుంటూ సంతకం పెట్టిందట.
ఏమీ లేకపోవడం ఒక అర్హత కావడం
ఆమెకదే మొదటిసారి.

నెలకో అట్ట పంపేదాన్ని నేనే.
ముప్ఫై గుంటలు, ముప్ఫై పసుపు బిళ్ళలు.
లోపల విటమినో, వట్టి పిండో
ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.
తెలిసిన కంప్యూటర్ నోరు విప్పదు.

వాడేసిన అట్టలు తిప్పి పంపాలి.
ఒక జనవరి అట్టలో ఐదు బిళ్ళలు అలాగే ఉన్నాయి.
పక్కన పెన్సిల్‌తో:
"ఓస్తాప్ పోయాడు. ఆ వారం గొంతు దిగలేదు."
మా ఫారంలో దానికి గడి లేదు.
'మానిన రోజులు: 5' అని ఎక్కించాను.

చివరికి లెక్కలు తేలాయి.
గుండెపోటు అటు కొందరికి, ఇటు కొందరికి.
కేన్సరూ పక్షపాతం చూపలేదు.
రెండు వరసలూ పక్కన పెడితే
ఒకే పొలంలో రెండు చాళ్ళు.
"చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు."
ఆ వాక్యాన్ని నా వంతు తొమ్మిది వందల కవర్లలో మడిచి పెట్టాను,
ఎవరిది ఏ బిళ్ళో అడుగున చిన్న అక్షరాల్లో.

ఫోన్ చేసింది.
"నాది పిండేనటగా!"
తప్పు నాదైనట్టు నసిగాను.
"అయ్యో అనకు. పిండి మాకు కొత్తా?
పిరొహీలకి రోజూ పిసుకుతూనే ఉంటా.
పక్కింటి లెస్యాది అసలు సరుకట.
దానికి షుగరొచ్చింది, నాకు మోకాళ్ళు పోయాయి.
చర్చి మెట్లు ఇద్దరం కమ్మీ పట్టుకునే దిగుతున్నాం."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఇంకో అట్ట ఉంటే పంపవూ? ఏ రకమైనా సరే.
దాని కోసం లేచేదాన్ని.
ఒక గ్లాసు నీళ్ళు తాగేదాన్ని.
ఇవాళ ఏ తారీఖో తెలిసేది."

అన్నీ కాల్చేశాం అని చెప్పాను.
"సరేలే" అంది. కెటిల్ కూత వినబడింది.

నేనన్నది ఐదు బిళ్ళల మేరకు అబద్ధం.
నా సొరుగులో, గుండుసూదుల డబ్బా వెనక,
ఆ జనవరి అట్ట ఇంకా ఉంది.
వట్టి పిండేనని ఇప్పుడు తెలుసు.
పారెయ్యాలి.