లీవ్స్: 2100

మా డిక్షనరీకి ముందటి నలభై పేజీలు లేవు.
సిరొంచ అంగడిల పాత కాయిదాలాయన ముప్పై అన్నడు,
చెదలు తిన్నంత మేర తగ్గించి ఇరవైకిచ్చిండు.
అందుకే నా ఇంగ్లీషు 'బ్రెడ్' కాడ మొదలైతది.
దాని ముందటియి ఎవరన్న చెప్తేనే ఎరుక.

పదిహేడో నంబరు ఫారం నింపిన ఈయేడు:
దుర్గం తారక్క పోచం, ముప్పై ఎనిమిదేండ్లు, పదో తరగతి.
మా ఆడబిడ్డ నవ్వింది.
ఫీజు నేనే కట్టుకున్న, నవ్వనీ.

ఒక్కో మాట రెండు రేవులు దాటి రావాలె నాదాక.
ఇంగ్లీషు పక్కన మరాఠీ ఉంటది, అది బడిల నేర్చింది;
దాన్ని మళ్ల పొయ్యికాడి తెలుగులకు దించాలె,
రొట్టె కాలుస్తున్న అత్తకు వినవడేటట్టు.
కొన్ని నడుమ నీళ్లల్లనే జారిపోతయి.

ఒకనాడు 'మిస్' చూసిన.
బస్సు తప్పిపోవుడు అని ఉంది,
దాని కిందనే, మనిషి యాదికొచ్చుడు అని.
"రెంటికీ ఒక్క మాటేనా? గంత పిసినారోళ్లా?"
అత్త రొట్టె తిరగేసింది. కొంచెం సేపాగి,
"మన లెక్కనే ఆళ్లకు గూడ దినానికి ఒక్కటే బస్సేమో" అన్నది.

మే నెల తునికాకు.
చీకటుండంగనే అడివిల ఉంటం.
డెబ్బై ఆకులు ఒక పుడ.
తెంపుకుంట మనసుల మాటలు పేరుస్త,
'లేబర్', 'లేక్', 'ల్యాంప్'.
అరవై దాటినంక ఏదో ఒకటి మరుస్త,
మాటనో, లెక్కనో.
లెక్క తప్పితే ఫడి మీది మున్షి ఊకోడు.
మాట తప్పితే ఆయనకేం పట్టది.

ఆ దినం నాగపూర్ ఠేకేదారు చీటీ ఇంగ్లీషుల ఉండె.
"లీవ్స్: 2100."
పుస్తకంల ఎతికితే 'లీవ్' దొరికింది:
వదిలిపెట్టి పోవుడు. దాని కింద, సెలవు.
మీది పేజీల చెద తొలిచిన బొక్క. ఆకు ఏడ లేదు.
ముప్పై పుడలకు కూలి రాయుమంటే
రెండు వేల వందసార్లు వదిలి పోయిండ్రని రాస్తరా?
సదివి వినిపిస్తే నాకే నవ్వొచ్చింది.

అత్త నవ్వలే.
ఏళ్లకంటిన ఆకుపసరు పీటకు రాసుకుంట,
"తెంపినంక చెట్టును ఇడిసే పోతది గద.
మంచిగనే రాసిండు."

తెల్లారి పిల్లల సారు చెప్పిండు,
ఒకటైతే 'లీఫ్', మస్తుగైతే 'లీవ్స్' అని.
పరీక్షకు పనికొచ్చేది అదే, రాసుకున్న.
అత్త చెప్పింది గూడ కింద రాసిన,
తెలుగు రాత రాదు నాకు,
మరాఠీ అక్షరాలల్ల తెలుగు రాసిన.

రేపు 'లెండ్' కాడికెల్లి.